చాంగ్ లా అవతల ఆగిన స్టాలియన్లు: ఒక ఆర్మీ మెకానిక్ కేస్ స్టడీ

నవంబరు చివర్లో, తూర్పు లద్దాఖ్‌లో చాంగ్ లా కనుమ దాటాక వచ్చే ఒక ట్రాన్సిట్ క్యాంపులో జరిగిన సంగతి ఇది. చలికాలం సరుకు మోస్తున్న కాన్వాయ్ రాత్రి క్షేమంగా వచ్చి ఆగింది. తెల్లారేసరికి అందులో మూడు స్టాలియన్ ట్రక్కులు కదల్లేదు. నాలుగోది ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది, కానీ అన్నిటికన్నా ప్రమాదంలో ఉన్నది అదే. నేను అప్పుడు ఈఎంఈలో (సైన్యం బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగం) నాయబ్ సుబేదార్‌ని, వెహికల్ మెకానిక్ ట్రేడ్. సికింద్రాబాద్‌లో శిక్షణ పొంది, సర్వీసులో ఎక్కువ భాగం ఉత్తరాది కొండల్లోనే గడిపాను. యూనిట్ పేరు, క్యాంపు పేరు, మనుషుల పేర్లు ఇక్కడ రాయడం లేదు.

ఇప్పుడు మన ఊళ్ల నుంచి ఆర్మీలోకి డ్రైవర్లుగా వెళ్తున్నవాళ్లు ఉన్నారు. టిప్పర్లు, ట్యాంకర్లు తీసుకుని ఆ కొండల్లో పనికి పోతున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లలో చాలామందికి 45 డిగ్రీల ఎండలో బండి నడపడం బాగా వచ్చు. మైనస్ 20లో బండిని రాత్రంతా నిలబెట్టడం వేరే విద్య. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ చలిలో పొద్దున స్టార్ట్ కాని బండి పొద్దున చెడిపోదు, ముందురోజు సాయంత్రమే చెడిపోతుంది. ఆ నాలుగు బండ్లలో ఏది ఎందుకు చెడిందో వివరంగా రాస్తాను.

బండి, దారి, సరుకు

మన సైన్యంలో సరుకు మోసే పని చాలాకాలం శక్తిమాన్‌ది. జర్మనీ మాన్ కంపెనీ డిజైన్‌తో 1959 నుంచి జబల్‌పూర్‌లో తయారైన ట్రక్కు అది. నేను చేరేనాటికి దాని రోజులు అయిపోవచ్చాయి. 1990ల చివరి నుంచి ఆ చోటులోకి రెండు బండ్లు వచ్చాయి. ఒకటి టాటా ఎల్‌పీటీఏ, మేం టూ అండ్ హాఫ్ టన్ అంటాం. రెండోది అశోక్ లేలాండ్ స్టాలియన్. ఇది ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందుతుంది. రోడ్డు లేనిచోట ఐదు టన్నులు, రోడ్డు మీద ఏడున్నర టన్నులు మోస్తుంది. సైన్యం వీపు మీద బరువులో పెద్ద వాటా ఈ స్టాలియన్‌దే. నడిపేది ఎక్కువగా సరుకు చేరవేసే విభాగమైన ఏఎస్‌సీ డ్రైవర్లు, బాగుచేసేది మా ఈఎంఈ వాళ్లం.

లద్దాఖ్‌లో ఏడాది పనంతా వేసవి మీద ఆధారపడి ఉంటుంది. శ్రీనగర్ వైపు జోజి లా, మనాలి వైపు కనుమలు మంచుతో మూసుకుపోయేలోపు ఆరేడు నెలల తిండి, కిరోసిన్, మందుగుండు, గుడారాలు పైకి చేరాలి. దీన్నే అడ్వాన్స్ వింటర్ స్టాకింగ్ అంటారు. లేహ్ దాకా కొంత విమానంలో వస్తుంది. లేహ్ నుంచి ముందు పోస్టుల దాకా మాత్రం ట్రక్కే దిక్కు. కనుమలు మూసుకున్నాక కూడా లేహ్ నుంచి లోపలికి పంపిణీ ఆగదు. ఈ కాన్వాయ్ ఆ పని మీదే ఉంది. పిండి, బియ్యం, పప్పు, కిరోసిన్ జెర్రీకెన్లు, గదిని వేడి చేసే బుఖారీ పొయ్యిలు, వాటి గొట్టాలు.

దారిలో చాంగ్ లా దాదాపు 17,600 అడుగుల ఎత్తు. ఇంజిన్‌కు అక్కడ ఏమవుతుందో తెలిస్తే మిగతా కథ తేలిగ్గా అర్థమవుతుంది. గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే సగానికి దగ్గరగా పడిపోతుంది. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లో గాలిని నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. నొక్కడానికి గాలే తక్కువైతే, ఆ ఉన్న గాలి కూడా మైనస్ 20లో ఉంటే, అంటుకునే వేడి రావడం కష్టం. అందుకని సెల్ఫ్ ఎక్కువసేపు తిప్పాలి. అదే సమయానికి ఇంజిన్ ఆయిల్ చిక్కబడి తిరగనివ్వదు, బ్యాటరీ బలం సగానికి పడిపోయి ఉంటుంది. మూడు కష్టాలూ ఒకేసారి మీద పడతాయి. మైదానంలో చిన్న లోపం ఉన్నా స్టార్ట్ అయ్యే బండి అక్కడ ఆ లోపంతో స్టార్ట్ కాదు.

ముందురోజు

కాన్వాయ్ ఆ రోజు కనుమ కింద ట్రాఫిక్ కంట్రోల్ పోస్టు దగ్గర చాలాసేపు ఆగిపోయింది. పైన రాత్రి మంచు పడింది. సరిహద్దు రోడ్లు చూసుకునే బీఆర్‌ఓ వాళ్లు డోజర్‌తో తీసేదాకా ఎవరినీ వదల్లేదు. తర్వాత చక్రాలు జారకుండా స్కిడ్ చెయిన్లు కట్టుకుని ఎక్కారు, దిగారు. దిగువన చెయిన్లు విప్పారు. క్యాంపుకు కొద్దిగా ముందు ఒక నాలా, అంటే వాగు, దాటాలి. నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. క్యాంపు చేరేసరికి చీకటి పడింది. ఎక్కువమందికి తలనొప్పి, కొందరికి వాంతులు. ఆ ఎత్తులో రోజంతా స్టీరింగ్ పట్టుకున్న మనిషికి అది మామూలే.

ఆర్మీలో బండికి రోజుకు మూడు పరేడ్‌లు. పొద్దున ఫస్ట్ పరేడ్, దారిలో ఆగినప్పుడు హాల్ట్ పరేడ్, రోజు ముగిశాక లాస్ట్ పరేడ్. పేరుకు పరేడ్ కానీ చేసేది బండి తనిఖీ. ఆయిల్, నీళ్లు, టైర్లు, బెల్టులు, లీకులు చూసి కార్ డైరీలో రాయాలి. ఆ రాత్రి లాస్ట్ పరేడ్ టార్చి వెలుతురులో, తొందరతొందరగా జరిగింది. కార్ డైరీలు మాత్రం అన్నీ రాసి, సంతకాలు పెట్టి ఉన్నాయి. ఆ డైరీలే మర్నాడు నాకు ఎక్కువ ఉపయోగపడ్డాయి. మా క్యాంపులో చిన్న రిపేర్లు చేసే లైట్ ఎయిడ్ డిటాచ్‌మెంట్‌లో నాతో పాటు ఇద్దరు మెకానిక్ జవాన్లు, అంటే క్రాఫ్ట్స్‌మన్‌లు, ఆగిన బండ్లను లాగే ఒక రికవరీ వెహికల్ ఉన్నాయి. సామాను ఎక్కువేం లేదు.

మొదటి బండి: డీజిల్

పొద్దున నేను బండ్లు నిలిపే ఎంటీ పార్క్‌కు వెళ్లేసరికి ఒక స్టాలియన్ కింద మంట వెలిగించబోతున్నారు. కర్రకు గుడ్డ చుట్టి, కిరోసిన్‌లో ముంచి, ట్యాంకు కింద పెట్టడానికి సిద్ధంగా ఉన్నాడు డ్రైవర్. పక్కన ఇద్దరు సలహాలు చెబుతున్నారు. వెనక లోడులో కిరోసిన్ జెర్రీకెన్లు. నేను కేక వేసి ఆపించాను. ఆ కొండల్లో లారీ డ్రైవర్లు ఈ పని చేస్తారు, దాన్ని చూసి మనవాళ్లూ నేర్చుకుంటారు. ట్యాంకు చుట్టూ డీజిల్ మరకలు, పైన తార్పాల్, లోపల మండే సరుకు. ఒక్కసారి అంటుకుంటే బండి ఒక్కటే పోదు, వరస మొత్తం పోతుంది.

డ్రైవర్ మార్కాపురం వైపు కుర్రాడు. నేను తెలుగువాణ్ణని తెలిసి హిందీ వదిలేశాడు.

"డీజిల్ గడ్డకట్టింది సాబ్. స్టార్ట్ అవుతోంది, నిమిషం కూడా ఆడకుండా ఆగిపోతోంది."

"ఎక్కడ గడ్డకట్టింది? చూశావా తమ్ముడూ?"

"చూడలేదు సాబ్. అందరూ అదే అంటున్నారు."

అందరూ అనడంలో తప్పులేదు. డీజిల్‌లో మైనం ఉంటుంది. చలికి అది పలుకులు కట్టి ఫిల్టర్‌ను మూసేస్తుంది. ఇంకా చల్లబడితే డీజిల్ కదలనే కదలదు. మైదాన ప్రాంతాలకు అమ్మే డీజిల్‌కు మన బీఐఎస్ ప్రమాణం ప్రకారం పోర్ పాయింట్, అంటే కదలడం ఆగిపోయే హద్దు, చలికాలంలో కూడా 3 డిగ్రీల వరకు ఉండొచ్చు. వేసవి డీజిల్‌కైతే 15 డిగ్రీల వరకు ఒప్పుకుంటారు. అలాంటి డీజిల్ ట్యాంకులో పోసుకుని లద్దాఖ్ చలికాలంలోకి వస్తే ఆగిపోవడం ఖాయం. అయితే సైన్యానికి ఎత్తు ప్రాంతాల కోసం ప్రత్యేక గ్రేడ్ డీజిల్ అప్పటికే ఉంది. (లద్దాఖ్‌లో మామూలు జనానికి చలికాలపు డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో తెచ్చింది. దాని పోర్ పాయింట్ మైనస్ 33 డిగ్రీలు.) ఈ కాన్వాయ్ బండ్లన్నీ లేహ్ వైపు ఒకే డిపోలో ఆ గ్రేడే పోయించుకుని బయలుదేరాయి. డీజిలే గడ్డకడితే పక్కన ఉన్న బండ్లు ఎలా ఆడుతున్నాయి? నా మొదటి ప్రశ్న అదే.

ట్యాంకు మూత తీసి, శుభ్రమైన గొట్టంతో కొంచెం డీజిల్ లాగి గాజు సీసాలో పట్టాం. సీసా వంచితే మామూలుగానే జారింది. కొద్దిగా మసక ఉంది, అంతే. తర్వాత హ్యాండ్ ప్రైమర్ పట్టుకున్నాను. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మీద ఉండే చిన్న గుండీ అది. ఇది చాలామంది పట్టించుకోరు, కానీ చేతికే జవాబు చెబుతుంది. కిందికి నొక్కితే గట్టిగా ఎదురు తిరిగితే అడ్డం పంపు ముందుంది, అంటే ఇంజెక్షన్ పంపు వైపు. పైకి లాగినప్పుడు బరువుగా ఉండి, వదలగానే వెనక్కి పీక్కుంటే అడ్డం వెనక ఉంది, ట్యాంకు వైపు. ఇక్కడ పైకి లాగితే వెనక్కి పీక్కుంది. ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఉన్నది ప్రీ ఫిల్టర్, దాని కింద నీళ్లు చేరే గిన్నె.

గిన్నె కింద డ్రెయిన్ స్క్రూ పూర్తిగా విప్పినా చుక్క రాలేదు. గిన్నె ఊడదీసి చూస్తే అడుగున గట్టి పొర. గోరుతో గీకితే రాలేదు, స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే పెళ్లగా విరిగింది. అద్దంలా పారదర్శకంగా ఉంది. మైనం అలా ఉండదు. గడ్డకట్టిన నెయ్యిలా తెల్లగా, మెత్తగా, వేలికి అంటుకునేలా ఉంటుంది. ఇది మంచు. డీజిల్ గడ్డకట్టలేదు, డీజిల్‌లోని నీళ్లు గడ్డకట్టాయి.

లంగర్ (వంటశాల) నుంచి వేడినీళ్లు తెప్పించి, గుడ్డ తడిపి ఫిల్టర్ హెడ్‌కు, గొట్టానికి చుట్టాం. కరిగిన నీళ్లన్నీ తుడిచి, కొత్త ఫిల్టర్ ఎలిమెంట్ వేసి, గిన్నెను మంచి డీజిల్‌తో నింపి బిగించి, ప్రైమర్‌తో ఎయిర్ తీశాం. స్టార్ట్ అయింది, ఆగలేదు. పని మొత్తం ఒక గంట.

మరి నీళ్లు ఈ ఒక్క బండిలోనే ఎందుకు? కార్ డైరీ తిరగేశాను. కాన్వాయ్‌లో చేరడానికి ముందు ఈ బండిని విడిగా ఒక డంపుకు (సరుకు నిల్వచేసే చోటు) పంపారు. అక్కడ బ్యారెల్ నుంచి హ్యాండ్ పంపుతో డీజిల్ పోయించుకున్నాడు. మిగతా ఏ బండీ బ్యారెల్ డీజిల్ తాగలేదు. దానికి తోడు ముందురోజు రాత్రి ట్యాంకు మూడోవంతే నిండి ఉంది. ఖాళీగా ఉన్న భాగంలో గాలి ఉంటుంది, ఆ గాలిలోని తేమ రాత్రి ట్యాంకు గోడలకు పట్టి డీజిల్‌లోకి దిగుతుంది. బండి వచ్చి ఆగినప్పుడు ఇంజిన్ వేడికి ఆ గిన్నెలో నీళ్లు నీళ్లుగానే ఉన్నాయి. అప్పుడు డ్రెయిన్ స్క్రూ విప్పితే అర నిమిషంలో బయటికి పోయేవి. పొద్దున అదే పనికి గంట పట్టింది, ఒక కొత్త ఎలిమెంట్ ఖర్చయింది, ఇంకొంచెం ఉంటే మంట కూడా పెట్టేవాళ్లు.

కిరోసిన్ కలపడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పాత డ్రైవర్లు చలికి డీజిల్‌లో కిరోసిన్ కలుపుతారు. దానితో డీజిల్ గడ్డకట్టే హద్దు కిందికి దిగే మాట నిజమే. కానీ ఇంజెక్షన్ పంపుకు నూనె వేసేది డీజిలే. కిరోసిన్ ఎక్కువైతే పంపు, నాజిళ్లు అరిగిపోతాయి. పైగా నీళ్లు గడ్డకడితే కిరోసిన్ ఏమీ చేయలేదు. రోగం తెలియకుండా మందు వేయడమే అవుతుంది.

రెండో బండి: బ్యాటరీ

రెండో బండిలో సెల్ఫ్ కొడితే గుర్రుమని రెండు తిప్పులు తిరిగి పడుకుంది. స్టాలియన్‌ది 24 వోల్టులు, రెండు పన్నెండు వోల్టుల బ్యాటరీలు వరసగా ఉంటాయి. పక్క బండి నుంచి కేబుల్ వేద్దామని క్రాఫ్ట్స్‌మన్ కేబుళ్లు పట్టుకొచ్చాడు. ముందు మూతలు తీసి చూడమన్నాను. బ్యాటరీలో నీళ్లు గడ్డకట్టి ఉంటే బయటి కరెంటు ఎక్కించకూడదు, పగిలిపోయే ప్రమాదం ఉంది. లోపల మంచు లేదు. యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ పెడితే 1.220 చూపింది.

"అంత తక్కువేం లేదు సాబ్," అన్నాడు క్రాఫ్ట్స్‌మన్.

ఇక్కడ ఒక లెక్క ఉంది. హైడ్రోమీటర్ అంకెలు 27 డిగ్రీల వేడికి రాసినవి. యాసిడ్ చల్లబడితే చిక్కబడుతుంది, బల్బు ఎక్కువ తేలుతుంది, అంకె ఎక్కువ చూపిస్తుంది. ప్రతి పది డిగ్రీల తేడాకూ 0.007 తీసేయాలి. యాసిడ్‌లో థర్మామీటర్ పెడితే మైనస్ 13 ఉంది. అంటే తేడా నలభై డిగ్రీలు, తీసేయాల్సింది 0.028. అసలు అంకె 1.190 చుట్టుపక్కల. నిండుగా చార్జ్ అయిన బ్యాటరీ 1.260 పైన ఉండాలి. నిండు బ్యాటరీ మైనస్ 50 దాటినా గడ్డకట్టదు. 1.190లో ఉన్నది మైనస్ 25 దగ్గరే గడ్డకడుతుంది. ఆ యాసిడ్ ఇంకో పన్నెండు డిగ్రీలు చల్లబడి ఉంటే బ్యాటరీ పెట్టె పగిలేది.

డైనమో బెల్టు బాగానే ఉంది, చార్జింగ్ బాగానే వస్తోంది. మళ్లీ కార్ డైరీయే చెప్పింది. కాన్వాయ్‌కు ముందు వారాల్లో ఈ బండిని క్యాంపు లోపల పంపిణీకి వాడారు. స్టోరు నుంచి లంగర్‌కు, లంగర్ నుంచి పోస్టుకు, ప్రతి ట్రిప్పు కొద్ది కిలోమీటర్లే. స్టార్ట్ చేయడం, ఆపడం, మళ్లీ స్టార్ట్ చేయడం. ఒక్క సెల్ఫ్‌కు పోయిన బలం తిరిగి ఎక్కాలంటే బండి బాగా నడవాలి. చల్లటి బ్యాటరీ చార్జింగ్‌ను కూడా సరిగ్గా తీసుకోదు. ఇలా రోజూ కొంచెం కొంచెం దిగిపోయింది. కాన్వాయ్‌లో కూడా కంట్రోల్ పోస్టు దగ్గర ఇంజిన్ ఆపి, లైట్లు వేసుకుని చాలాసేపు కూర్చున్నారు. కేబుల్ వేసి స్టార్ట్ చేశాం, కానీ ఆ బ్యాటరీలను ఆ బండిలో ముందుకు పంపలేదు. మా దగ్గర ఉన్నవి మార్చి ఇచ్చి, వాటిని దించి చార్జింగ్‌కు పెట్టాం.

మూడో బండి: బ్రేకులు

ఇది చిన్న కథ. ఇంజిన్ చక్కగా ఆడుతోంది, ఎయిర్ ప్రెషర్ నిండింది, గేర్ వేసి క్లచ్ వదిలితే బండి వంగి ఆగిపోతోంది. వెనక చక్రాలు పట్టేశాయి. ముందురోజు క్యాంపు ముందు దాటిన నాలా నీళ్లు డ్రమ్ముల్లోకి వెళ్లాయి. వెంటనే వచ్చి ఆపి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి దిగిపోయాడు. తడి షూలు డ్రమ్ముకు అంటుకుని రాత్రి మంచు కట్టేశాయి. చెక్క సుత్తితో డ్రమ్ముల చుట్టూ కొట్టి, బండిని ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపితే వదిలాయి. గేరు లాగి బలవంతంగా కదిలిస్తే లైనింగ్ ఊడి వచ్చేది. వేడినీళ్లు ఇక్కడ పోయకూడదు, పది నిమిషాల్లో మళ్లీ గడ్డకడతాయి. నాలా దాటిన తర్వాత కొంతదూరం బ్రేకు పెడల్ మెత్తగా తొక్కుతూ నడిపితే వేడికి షూలు ఆరిపోతాయి. ఆపాక గేర్‌లో వదిలి, చక్రాలకు చెక్క దిమ్మలు పెట్టాలి. ఎయిర్ ట్యాంకుల్లో నీళ్లు కూడా ఆపిన వెంటనే వదలాలి, తెల్లారితే ఆ వాల్వులు కూడా బిగుసుకుంటాయి.

నాలుగో బండి: ఎవరూ ఫిర్యాదు చేయనిది

ఈ బండి గురించే నేను ఈ కేసు రాయాలనుకున్నది.

అన్ని బండ్లకన్నా ముందు స్టార్ట్ అయింది. డ్రైవర్ సంతోషంగా ఉన్నాడు. కాన్వాయ్ కమాండర్ దాన్నే ముందు పంపుదామన్నారు. నేను బ్రేకు పట్టిన బండి దగ్గర నుంచి లేచి దాని పక్కగా వెళ్తూ, అలవాటుగా టెంపరేచర్ గేజ్ చూశాను. స్టార్ట్ చేసి ఎక్కువసేపు కాలేదు, ముల్లు అప్పుడే పైకి ఎక్కుతోంది. మైనస్ 20లో ఖాళీగా ఆడే డీజిల్ ఇంజిన్ అంత తొందరగా వేడెక్కదు. చెయ్యి పెట్టి చూశాను. రేడియేటర్ పై గొట్టం వేడిగా ఉంది. కింద గొట్టం కర్రలా బిగుసుకుని, మంచులా చల్లగా ఉంది.

స్టార్ట్ చేసిన కాసేపు కింద గొట్టం చల్లగా ఉండటం మామూలే. థర్మోస్టాట్ మూసుకుని ఉంటుంది, నీళ్లు ఇంజిన్‌లోనే తిరుగుతాయి. కానీ గేజ్ థర్మోస్టాట్ తెరుచుకునే వేడి దాటినా, పై గొట్టం కాలుతున్నా, కింద గొట్టం ఇంకా చల్లగా ఉంటే రేడియేటర్ గుండా ఏమీ పోవడం లేదని అర్థం. ఇంజిన్ ఆపించాను. చల్లారాక మూత తీస్తే లోపల కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, ముక్కలు ముక్కలుగా, మంచు గంజిలా ఉంది. రేడియేటర్ కోర్ సగం మూసుకుపోయింది. చైనులు కట్టుకుని ఆ బండి అలాగే ఎక్కుడు ఎక్కి ఉంటే ఇంజిన్ హెడ్ పోయేది. మామూలుగా అయితే చలిలో ఇంజిన్ వేడెక్కి పోయిందంటే ఎవరూ నమ్మరు. కానీ చలిలోనే అలా జరుగుతుంది.

డ్రైవర్‌ని కూర్చోబెట్టి, కోపం లేకుండా అడిగాను. ముందురోజు చాంగ్ లా ఎక్కేటప్పుడు లో గేర్‌లో చాలాసేపు లాగాడు, కూలెంట్ పొంగి బయటికి పోయింది. ఆ ఎత్తులో పీడనం లేకపోతే నీళ్లు 82 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూత లోపలి పీడనాన్ని నిలబెడితేనే ఆ హద్దు పెరుగుతుంది. ఆ బండి మూత రబ్బరు వాషర్ గట్టిపడి, చిట్లిపోయి ఉంది. పీడనం ఆగలేదు, మరిగి పోయింది. కిందికి దిగాక నాలా దగ్గర జెర్రీకెన్‌తో నీళ్లు పట్టి పోశాడు. సగం సగం యాంటీఫ్రీజ్ (గడ్డకట్టకుండా ఆపే ద్రవం) కలిపిన కూలెంట్ దాదాపు మైనస్ 37 దాకా ఆగుతుంది. అందులో జెర్రీకెన్ నీళ్లు పోస్తే ఆ హద్దు ఎంత పైకి ఎక్కిందో ఎవరికీ తెలియదు. అతను చేసింది మైదానంలో ఏ డ్రైవరైనా చేసే పనే. నీళ్లు తగ్గితే నీళ్లు పోయాలని మనమే నేర్పుతాం. పోసినట్టు కార్ డైరీలో రాయలేదు, ఎందుకంటే నీళ్లు పోయడం రాయాల్సిన విషయంగా ఎవరూ అతనికి చెప్పలేదు.

బండిని షెడ్డులోకి తోసి, బుఖారీ వెలిగించి, మెల్లగా కరగనిచ్చాం. కూలెంట్ అంతా దించి కొత్తది కలిపి పోసి, మూత మార్చాం. బ్లాక్ పగల్లేదని, దాని గోడల్లో బిగించిన లోహపు మూతలు, అంటే ఫ్రాస్ట్ ప్లగ్గులు, కదల్లేదని రూఢి చేసుకున్నాకే వదిలాను. ఆ రోజు మధ్యాహ్నం దాటింది. కాన్వాయ్ ఆ బండి లేకుండా వెళ్లింది. దాని లోడు పక్కవాటిల్లో సర్దారు.

సాయంత్రం పనిని మార్చడం

డిఫెక్ట్ రిపోర్టులో నాలుగు బండ్లకు నాలుగు కారణాలు రాస్తే ఎవరైనా ఒప్పుకుంటారు. నేను వాటి కింద ఒకే మాట రాశాను: నాలుగూ లాస్ట్ పరేడ్‌లో, ఇంజిన్ వేడిగా ఉండగా పట్టుకోగలిగినవి. గిన్నె డ్రెయిన్, హైడ్రోమీటర్, తడి బ్రేకులు, యాంటీఫ్రీజ్ తనిఖీ. వేడి ఇంజిన్ దగ్గర కొన్ని నిమిషాల్లో అయ్యే పనులు. తెల్లారితే అవే గంటల పనులు.

ఇది విని పై అధికారి ఒకరు, అయితే డ్రైవర్లకు గట్టిగా చెప్పండి అన్నారు. నాకు ఆ జవాబు నచ్చలేదు, ఆ మాట మర్యాదగానే చెప్పాను. పగలంతా 17,000 అడుగుల పైన నడిపి, చీకట్లో దిగి, తల పగిలిపోతున్న మనిషికి ఇంకో పని చెబితే సంతకం పెడతాడు, పని చేయడు. ఆ రాత్రి జరిగింది అదే. అతని ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు, వెలుతురు ఉన్నప్పుడు ఆ పని చేయించాలి.

అందుకని మేం ముందు టైమ్ మార్చాం. కాన్వాయ్ చీకటి పడే ముందే క్యాంపు చేరేలా కంట్రోల్ పోస్టు దగ్గర హద్దు పెట్టారు. ఆ టైమ్ దాటితే కనుమ ఎక్కకుండా ఇవతలే ఆగుతారు. దీనికి ఒప్పించడం తేలిక కాలేదు. సరుకు ఆలస్యమవుతుందని గొడవ. ఆ పొద్దున పోయిన గంటలు లెక్క చూపించాక తగ్గారు. రెండోది, క్యాంపు చేరగానే టీ, వేడి పకోడీ బండి దగ్గరికే వచ్చేవి. తాగుతూ తనిఖీ చేసేవాళ్లు. లంగర్ వాళ్లతో మాట్లాడి అది ఏర్పాటు చేసింది కాన్వాయ్ కమాండర్ గారే. నా లెక్కలో ఆ మార్పులన్నిటిలో ఎక్కువ పని చేసింది ఆ టీయే. మూడోది, డ్రైవర్ ఒక్కడే చేయకుండా మా క్రాఫ్ట్స్‌మన్ హైడ్రోమీటర్, కూలెంట్ టెస్టర్ పట్టుకుని బండి బండికీ తిరిగేవాడు. కార్ డైరీలో కూలెంట్‌కు ఒక గడి చేర్చాం. నీళ్లు పోశారా, ఎంత, ఎక్కడ.

ట్యాంకు రాత్రికి నిండుగా ఉండాలన్నది కూడా అప్పుడే పెట్టాం. పొద్దున వెళ్లేముందు నింపుకునే అలవాటును సాయంత్రానికి మార్చడమే.

ఆ చలికాలం మిగతా నెలల్లో ఫిల్టర్ గిన్నెలో మంచుతో ఆగిన బండి ఆ క్యాంపులో మళ్లీ రాలేదు. బ్రేకులు పట్టేసినవి ఒకటి రెండు వచ్చాయి, అన్నీ కొత్తగా వచ్చిన డ్రైవర్లవి.

బ్యారెళ్లు

నీళ్ల మూలం మాత్రం క్యాంపులో లేదు. ఆ మార్కాపురం కుర్రాడు డీజిల్ పోయించుకున్న డంపుకు తర్వాత నేనే వెళ్లాను. 200 లీటర్ల బ్యారెళ్లు ఆరుబయట నిలువుగా, బిరడా పైకి ఉండేలా నిలబెట్టి ఉన్నాయి. పైన అంచు లోపల మంచు పేరుకుంది. పగలు ఎండకు కరిగి బిరడా చుట్టూ నీళ్లు నిలుస్తున్నాయి. రాత్రి చలికి లోపలి గాలి ముడుచుకుంటుంది, బిరడా సందులోంచి ఆ నీళ్లను లోపలికి లాక్కుంటుంది. రోజూ కొద్ది కొద్దిగా. బిరడా ఎంత బిగించినా ఇది పూర్తిగా ఆగదు. హ్యాండ్ పంపు గొట్టం బ్యారెల్ అడుగుకు తగిలేలా దించుతున్నారు, అంటే అడుగున చేరిన నీళ్లే మొదట ట్యాంకులోకి వెళ్తున్నాయి.

బ్యారెళ్లను పక్కకు పడుకోబెట్టి, రెండు బిరడాలూ ఒకే ఎత్తులో, డీజిల్ మట్టం కింద మునిగి ఉండేలా తిప్పమని చెప్పాను. అప్పుడు బిరడా బయట నీళ్లు నిలవవు, లోపల గాలికి బదులు డీజిల్ ఉంటుంది. పంపు గొట్టం కొనకు ఒక చెక్క ముక్క కట్టి అడుగు నుంచి కొద్దిగా పైకి ఉండేలా చేయించాం. పడుకోబెట్టడానికి చోటు ఎక్కువ కావాలి, కింద దుంగలు కావాలి. డంపు ఇన్‌చార్జ్ హవల్దార్ ముందు గొణిగాడు. తర్వాత పాత ప్యాకింగ్ పెట్టెల చెక్కలు తెప్పించి తనే వరసలు కట్టించాడు.

బ్యాటరీ సంగతి మాత్రం పూర్తిగా తేలలేదు. క్యాంపు లోపల చిన్న ట్రిప్పులు తప్పవు, ఆ ట్రిప్పులకు స్టాలియన్ తప్ప వేరే బండి దొరకదు. ఆ పనికి వాడే బండ్ల బ్యాటరీలను రాత్రి దించి బుఖారీ ఉన్న గదిలో పెట్టేవాళ్లం. బ్యాటరీలు బరువు, ఆ ఎత్తులో వాటిని మోయడం ఆయాసం. వంతులవారీగా ఇద్దరిద్దరు మోసేవాళ్లు. కాన్వాయ్‌కు పంపే ముందు ఆ బండ్లకు బ్యాటరీ తప్పనిసరిగా హైడ్రోమీటర్‌తో, థర్మామీటర్‌తో కలిపి చూడాలని రాసి పెట్టాం. నేను బదిలీ అయ్యేదాకా ఆ పని అలాగే నడిచింది.